మసాలా టీ విస్కీ

మసాలా టీ విస్కీ చలికాలంలో వేడిగా తాగే మిశ్రమ మద్యపానీయం. చిక్కటి టీ డికాషన్, విస్కీ, బెల్లమో తేనో చక్కెరో ఏదో ఒక తీపి, కాస్త నిమ్మ, వీటికి తోడు దాల్చిన చెక్క, లవంగాలు, యాలకులు, మిరియాలు, శొంఠి వంటి సుగంధ ద్రవ్యాలు ఇందులో పడతాయి. స్కాట్లండ్, ఐర్లండ్ దేశాల్లో తాగే హాట్ టాడీ దీనికి దగ్గరిది; మూలం మాత్రం అంతకన్నా పాతదైన పంచ్‌లో ఉంది. కాక్‌టెయిల్ పుస్తకాలు సాధారణంగా దీన్ని విస్కీ పానీయంగా లెక్కగట్టి, టీని అందులో చేర్చిన ఒక పరిమళంగా చెబుతాయి. ఆ లెక్క సరికాదు. ఈ పానీయానికి ఆధారం టీ. విస్కీ ఇందులో చేసే ముఖ్యమైన పని మసాలా సారాన్ని కరిగించుకుని పట్టి ఉంచడం. ఈ సంగతి గ్రహించకుండా చేసినందువల్లే చాలాచోట్ల ఇది నీళ్ళనీళ్ళగానో, నోరు పీక్కుపోయేంత వగరుగానో తయారవుతుంది.

చరిత్ర ఈ మాటకే మద్దతు ఇస్తుంది. పంచ్ పదిహేడో శతాబ్దంలో భారత తీరాల్లోని ఇంగ్లీషు వర్తకుల మధ్య రూపుకట్టిన పానీయం. దాని పేరు కనిపించే తొలి లిఖిత ఆధారంగా చరిత్రకారులు చూపేది 1632 సెప్టెంబరు నాటి ఒక ఉత్తరం. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న రాబర్ట్ ఆడమ్స్ దాన్ని పెటపోలిలోని థామస్ కోలీ అనే వర్తకుడికి రాశాడు. ఆ పెటపోలి మన నిజాంపట్నమే. 1611లో కంపెనీ ఓడ కోరమాండల్ తీరానికి వచ్చినప్పుడు మచిలీపట్నంతో పాటు వర్తకస్థావరం పెట్టిన రేవు అది. ఈ పానీయపు చరిత్ర చెప్పే పుస్తకాలు లండన్ కాఫీ హౌసుల గురించి పేజీలకు పేజీలు రాస్తాయి గాని, నిజాంపట్నానికి ఒక వాక్యం మించి ఇవ్వవు. తెలుగు పాఠకుడు గుర్తుపెట్టుకోదగిన విషయమిది. 1638లో సూరత్ చేరిన జర్మన్ యాత్రికుడు మాండెల్‌స్లో అక్కడి ఇంగ్లీషువాళ్ళు సారాలో పన్నీరు, నిమ్మజాతి పండ్ల రసం, చక్కెర కలిపి తాగేవారని నమోదు చేశాడు. అందులో టీ లేదు. పంచ్ ఇంగ్లండుకు చేరి, చైనా టీ అక్కడి సంపన్నుల ఇళ్ళలో అలవాటయ్యాక, పద్దెనిమిదో శతాబ్దంలో ఆ రెండూ ఒకే గిన్నెలో కలిశాయి.

ఎలా కలిశాయన్నది ఇక్కడ అసలు ప్రశ్న. పంచ్‌కు స్థూలంగా ఐదు స్థానాలు ఉండేవి: ఘాటైన మద్యం, పులుపు, తీపి, పలుచన చేసే నీరు, పైన తురిమే జాజికాయ వంటి మసాలా. టీ వచ్చి కూర్చున్నది మసాలా స్థానంలో కాదు, నీటి స్థానంలో. ఇంగ్లండు యువరాజు పేరు మీద ప్రసిద్ధమైన రీజెంట్స్ పంచ్‌లో గ్రీన్ టీ ఉంటుంది. అమెరికన్ బార్‌మన్ జెర్రీ థామస్ 1862లో ప్రచురించిన పానీయాల పుస్తకంలో టీ పంచ్‌కు ప్రత్యేకంగా ఒక విధానం ఉంది: బ్రాందీ, రమ్, చక్కెర, నిమ్మరసం, వీటిని పలుచన చేయడానికి మరిగే నీటికి బదులు చిక్కగా కాచిన గ్రీన్ టీ. అదే పుస్తకంలో విస్కీ టాడీ కూడా ఉంది గాని దాంట్లో టీ లేదు. అంటే పంతొమ్మిదో శతాబ్దం నాటికే ఈ రెండు పద్ధతులూ పక్కపక్కన నడుస్తున్నాయి. ఇప్పుడు బార్లలో కొత్త ఆవిష్కరణగా కనిపించే టీ విస్కీ, విడిపోయిన ఆ రెండు పాయలను మళ్ళీ కలపడం మాత్రమే.

టీ అక్కరలేదనే వాదన స్కాటిష్ టాడీ అభిమానులది, దాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. వాళ్ళ టాడీలో విస్కీ, వేడినీరు, చక్కెర తప్ప మరేమీ ఉండవు. ఐరిష్ పబ్బుల్లోని హాట్ విస్కీలో లవంగాలు గుచ్చిన నిమ్మముక్క ఒకటి అదనం. డబ్లిన్‌లో పుట్టిన వైద్యుడు రాబర్ట్ బెంట్లీ టాడ్ రోగులకు ఇలాంటి వేడి మద్యం రాసిచ్చేవాడనీ, దానికి ఆయన పేరే వచ్చిందనీ ఒక కథ ఇంకా తిరుగుతోంది. టాడ్ పుట్టింది 1809లో. రాబర్ట్ బర్న్స్ 1786లో అచ్చువేసిన కవితల్లోనే జనం బల్ల చుట్టూ చేరి టాడీ కలుపుకుంటున్నారు కాబట్టి ఆ కథ నిలబడదు. టీ లేని టాడీకి రెండున్నర శతాబ్దాల ఆచారం అండగా ఉన్న మాట నిజం. అయితే ఆ ఆచారం ఏ విస్కీ మీద ఏర్పడిందో చూడాలి. అది కుండ బట్టీల్లో దించిన, బార్లీ వాసన, పొగ వాసన దట్టంగా ఉన్న విస్కీ. దానిలో రెండింతల నీళ్ళు పోసినా గొంతు ఉన్నట్టే ఉంటుంది. 1830లో ఈనియాస్ కాఫీ ఎడతెగకుండా నడిచే బట్టీకి పేటెంటు తీసుకున్న తర్వాత తేలికైన ధాన్యపు మద్యం చౌకగా రావడం మొదలైంది. 1860 తర్వాత దాన్ని పాత విస్కీతో కలిపిన బ్లెండ్‌లు మార్కెట్‌ను ఆక్రమించాయి. ఈ రోజు స్కాచ్‌లో ఎక్కువమంది కొనేది ఆ బ్లెండ్‌లనే. వాటిలో వేడినీళ్ళు పోస్తే మిగిలేది తియ్యటి నీళ్ళ మీద తేలే ఆల్కహాల్ వాసన. పాత నియమం తప్పు కాదు; అది వర్తించే విస్కీ మాత్రం మన గ్లాసుల్లో అరుదు.

మంచు కొండల ప్రాంతాల అలవాట్లు మరో సాక్ష్యం. ఆస్ట్రియాలో యాగటే అనే వేటగాళ్ళ టీ ఉంది. నల్ల టీలో అక్కడి రమ్, మసాలాలు కలిపి తాగే ఈ పానీయపు పేరు ఐరోపా సమాఖ్య చట్టం ప్రకారం ఆస్ట్రియా ఉత్పత్తులకే పరిమితం. పోలండ్ దక్షిణాన తత్రా కొండల్లో ఘాటైన మద్యం పోసిన టీని కొండవాళ్ళ టీ అంటారు. ఉత్తర జర్మనీ తీరంలో షాజీరా వాసన ఉండే మద్యాన్ని టీలో కలిపి టీ పంచ్ చేస్తారు. వీటన్నిటిలో మద్యం మారుతూ పోతుంది: ఒకచోట రమ్, ఒకచోట వోడ్కా, మరోచోట మరొకటి. మారనిది టీ ఒక్కటే. ఏ దేశంలో ఏ మద్యం దొరికితే దాన్ని పోసుకున్నారు గాని, టీకి బదులు మరొకటి వెతకలేదు. ఆధారం ఏది, అదనం ఏది అన్నది ఇక్కడే తేలిపోతుంది.

టీకి ఈ స్థానం ఎందుకు దక్కిందో దాని రసాయన స్వభావం చెబుతుంది. విస్కీని సీసాలోంచి నేరుగా తాగినప్పుడు నాలుక మీద తెలిసే బరువులో ఎక్కువ భాగం ఆల్కహాల్ గాఢతదే. 42.8 శాతం ఉన్న విస్కీ 45 మిల్లీలీటర్లను 150 మిల్లీలీటర్ల వేడి ద్రవంలో కలిపితే గాఢత పది శాతం లోపుకు పడిపోతుంది, దానితో ఆ బరువూ పోతుంది. పోయినదాన్ని చక్కెర ఒక్కటే పూడ్చలేదు; తీపి పెరిగేకొద్దీ మొహం మొత్తుతుంది. నల్ల టీలో ఆకు పులిసే దశలో ఏర్పడే థియాఫ్లావిన్లు, థియారూబిజిన్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని నోటికి వగరునూ, ఒక నిండుతనాన్నీ ఇస్తాయి. తీపికి ఎదురు నిలబడే పట్టు అక్కడ దొరుకుతుంది. దీనికి ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది: వగరు విస్కీని చెడగొట్టదా? చెడగొడుతుంది, టీని అతిగా మరిగిస్తే. ఆల్కహాల్ చేదును మరింత ఎత్తి చూపుతుంది కాబట్టి పాల టీకి సరిపోయే మరుగు ఇక్కడ పనికిరాదు. చిక్కదనం కావాలంటే ఆకు మోతాదు పెంచాలి, నానే సమయం పెంచకూడదు. 150 మిల్లీలీటర్ల నీటికి మూడు నాలుగు గ్రాముల టీ వేసి, పొయ్యి మీంచి దించిన నీటిలో మూత పెట్టి ఉంచితే చాలు. పొడవాటి ఆకు అస్సాం టీ అయితే నాలుగు నిమిషాలు. మన ఇళ్ళలో వాడే గుండ్రటి గింజల సీటీసీ పొడి అయితే రెండు నిమిషాలు దాటనివ్వకూడదు. సీటీసీ యంత్రం 1930ల తొలినాళ్ళలో అస్సాంలో వచ్చింది. ఆకును నలిపి, చింపి, ఉండ చుట్టే ఆ పద్ధతి ఉద్దేశమే త్వరగా రంగు, దండిగా వగరు దింపడం. పాలు ఆ వగరును మింగేస్తాయి. పాలు లేని చోట అది అలాగే మిగులుతుంది.

పాల ప్రస్తావన రాగానే విస్కీ అసలు పని ఏమిటో స్పష్టమవుతుంది. లవంగంలోని యూజినాల్, దాల్చిన చెక్కలోని సిన్నమాల్డిహైడ్, మిరియంలోని పైపరిన్, అల్లంలోని జింజెరాల్ నీటిలో కొద్దిగానే కరుగుతాయి, కొవ్వులోనూ ఆల్కహాల్‌లోనూ బాగా కరుగుతాయి. మసాలా టీ కాచేటప్పుడు పాలలోని వెన్న ఈ నూనెలను పట్టి ఉంచుతుంది. అందుకే పాలు పోసిన మసాలా టీ గుమగుమ గ్లాసు అడుగు దాకా నిలుస్తుంది. పాలు లేకుండా నీళ్ళలోనే మసాలా మరిగిస్తే చాలా పరిమళం ఆవిరితో పాటు వంటింట్లోకి పోతుంది, గ్లాసులో ఘాటు మాత్రం కొంత మిగులుతుంది. ఈ పానీయంలో పాల వెన్న స్థానాన్ని విస్కీ తీసుకుంటుంది. దీన్నుంచి తయారీ సూత్రం ఒకటి వస్తుంది: ఆకును నీటికి అప్పగించాలి, మసాలాను విస్కీకి అప్పగించాలి. టీ పొడిని నేరుగా విస్కీలో నానబెట్టే పద్ధతి కూడా కొందరు పాటిస్తారు. గంటా రెండు గంటల్లో రంగు, వాసన బాగానే దిగుతాయి గాని, అలా చేసిన విస్కీని మళ్ళీ వేడినీటితో పలుచన చేయక తప్పదు. అప్పుడు టీ మళ్ళీ పరిమళం స్థాయికి జారిపోతుంది. చల్లగా ఐసు మీద తాగే వాటికి ఆ పద్ధతి మంచిదే, వేడి పానీయానికి కాదు.

విస్కీ, మసాలాల మధ్య సయోధ్యకు మరో లోతైన కారణం ఉంది. ఓక్ పీపాల్లో ఏళ్ళ తరబడి ఉన్న విస్కీలోకి ఆ చెక్క నుంచి వెనిలిన్, లాక్టోన్లు, కొద్దిగా యూజినాల్ కూడా దిగుతాయి. లవంగపు వాసనకు మూలమైన పదార్థం విస్కీలో ముందే ఉందన్నమాట. లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే నిల్వ ఉంచాలని అమెరికా చట్టం నిర్దేశించే బోర్బన్‌లో ఈ లక్షణం బాగా తెలుస్తుంది. దాల్చిన చెక్కకు, బెల్లానికి అది చక్కగా ఒదుగుతుంది. పీట్ పొగ పట్టిన స్కాచ్‌తో యాలకులు పొసగవు, నల్ల మిరియం పొసగుతుంది. మన దేశంలో అమ్ముడయ్యే చౌక విస్కీల్లో చాలావాటికి చెరకు మొలాసిస్ నుంచి తీసిన మద్యమే మూలం. ఐరోపాలో దాన్ని విస్కీ పేరుతో అమ్మనివ్వరు. ఓక్ నుంచి రావలసిన గుణం వాటిలో తక్కువ కాబట్టి మసాలా కాస్త ఎక్కువ వేసి, ఒక చిటికెడు జాజికాయ తురిమితే లోటు కొంత తీరుతుంది. ఖరీదైన సింగిల్ మాల్ట్‌ను ఇందులో పోయడం మాత్రం వృథా ఖర్చు. ఆ సున్నితమైన వాసనలు డెబ్బై డిగ్రీల టీలో నిలవవు, ఇక్కడ విస్కీ అభిమానుల అభ్యంతరం నూటికి నూరుపాళ్ళు సరైనది.

ఇక చేసే తీరు. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ సీసా విస్కీకి అంగుళం దాల్చిన చెక్క, చితక్కొట్టిన రెండు యాలకులు, నాలుగు మిరియాలు, గోరంత శొంఠి ముక్క వేసి ఒక రోజు మూత బిగించి ఉంచాలి. లవంగాలు రెండింటికి మించి వద్దు. వాటిని కూడా మూడు నాలుగు గంటల్లో తీసేయాలి. యూజినాల్ పంటినొప్పికి వాడే మందు కూడా, ఎక్కువైతే నాలుక మొద్దుబారి మిగతా రుచులేవీ తెలియవు. మర్నాడు వడగడితే నాలుగు కప్పులకు సరిపడే మసాలా విస్కీ సిద్ధం. నిమ్మతొక్కను తెల్లటి పొర తగలకుండా పలుచగా చెక్కి, తురిమిన బెల్లంలోనో చక్కెరలోనో నలిపి ఓ అరగంట ఉంచాలి. తొక్కలోని నూనెను చక్కెర లాక్కుంటుంది; పాత పంచ్ తయారీదారులు చక్కెర గడ్డను నిమ్మతొక్కకు రుద్ది సరిగ్గా ఇదే చేసేవారు. కప్పును ముందు వేడినీటితో కడిగి, అందులో ఈ తీపి రెండు చెంచాలు, 45 మిల్లీలీటర్ల మసాలా విస్కీ పోసి, దాని మీద 150 మిల్లీలీటర్ల వేడి టీ వడగట్టాలి. చివర అర చెంచా నిమ్మరసం. నిమ్మ పడగానే టీ రంగు లేతబడుతుంది, అది ఆమ్లానికి టీ వర్ణకాల సహజ స్పందన. టీ పలచనైందని కంగారుపడి మళ్ళీ పొడి వేయనక్కర్లేదు. విస్కీని ఎట్టి పరిస్థితిలోనూ పొయ్యి మీద పెట్టకూడదు. నలభై శాతం మద్యం ఆవిరి 26 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు. పైగా వేడి చేయాల్సిన అవసరం కూడా లేదు: తొంభై డిగ్రీల టీ, గది వేడిమిలోని విస్కీ ఈ పాళ్ళలో కలిస్తే 75 డిగ్రీల దగ్గర స్థిరపడుతుంది. 65 డిగ్రీలకు మించిన పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణం కావచ్చని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో వర్గీకరించింది కాబట్టి మరో నాలుగైదు నిమిషాలు ఆగి తాగడమే మేలు.

పాలు పోసిన మసాలా టీలోనే విస్కీ కలిపితే ఏమిటన్న ప్రశ్న సహజం. కలపవచ్చు, కానీ అప్పుడు నిమ్మను వదులుకోవాలి. పాలు, పులుపు, టీ వగరు కలిస్తే పాలు విరుగుతాయి. ఈ విరుగుడునే ఉపయోగంగా మార్చుకున్న పద్ధతి కూడా ఉంది: బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1763లో మిత్రుడు జేమ్స్ బౌడెన్‌కు పంపిన మిల్క్ పంచ్ విధానంలో బ్రాందీ, నిమ్మలోకి వేడిపాలు పోసి, విరిగినదాన్ని వడగట్టి తేరిన ద్రవాన్ని తాగుతారు. పాలలోని కేసిన్ వగరును తనతో పట్టుకుపోవడం వల్ల అది ఎంతో నునుపుగా ఉంటుంది, నెలల తరబడి నిల్వ ఉంటుంది. టీతోనూ ఇది చక్కగా కుదురుతుంది, అయితే అది చల్లటి పానీయాల కోవలోకి వెళుతుంది.

ఈ పానీయం గురించిన అతిపెద్ద అపోహ, అది చలిని పోగొడుతుందన్నది. తాగినవారికి వెచ్చగా అనిపించడం అబద్ధం కాదు. నోటిలో వేడిని గుర్తించే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం మామూలుగా 43 డిగ్రీల దగ్గర మేల్కొంటుంది; ఆల్కహాల్ ఆ హద్దును శరీర ఉష్ణోగ్రత కన్నా కిందికి దింపుతుంది. మిరియం, అల్లం ఘాటు కూడా ఆ గ్రాహకాన్నే తడుతుంది. డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్ బహుమతి తెచ్చిన పరిశోధనలో ఈ గ్రాహకాన్ని కనిపెట్టడం ముఖ్యభాగం. అంటే కప్పులోని వేడి, మసాలా, మద్యం మూడూ ఒకే తలుపు తడుతున్నాయి. కానీ ఒంట్లో జరిగేది దీనికి వ్యతిరేకం. ఆల్కహాల్ చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, లోపలి వేడి బయటికి పోతుంది, వణుకు తగ్గుతుంది, అసలు ఉష్ణోగ్రత పడిపోతుంది. మంచులో చిక్కుకున్నవారికి సెయింట్ బెర్నార్డ్ కుక్కలు మెడకు కట్టిన పీపాలో బ్రాందీ తెచ్చేవన్న చిత్రం ఎడ్విన్ లాండ్‌సీర్ 1820లో వేసిన బొమ్మతో జనంలో నాటుకుపోయింది. అలాంటి స్థితిలో మద్యం పోయడం ప్రాణాంతకం కావచ్చు. ఇది గోడలున్న ఇంట్లో, దుప్పటి కప్పుకుని తాగే పానీయమే గాని చలిలోకి బయలుదేరే ముందు తాగేది కాదు.

జలుబు మందన్న పేరు కూడా ఇలాంటిదే. 2008లో కార్డిఫ్ విశ్వవిద్యాలయపు జలుబు పరిశోధన కేంద్రం వేడి పళ్ళరసాన్ని పరీక్షించి, ముక్కు కారడం, దగ్గు, తుమ్ములు, గొంతునొప్పి నుంచి వెంటనే ఉపశమనం కలిగినట్టు రోగులు చెప్పారని ప్రకటించింది. ఆ రసంలో మద్యం చుక్క లేదు. మన ఇళ్ళలో శొంఠి కాఫీ, మిరియాల కషాయం ఇస్తున్న హాయి కూడా ఆ కోవలోదే. మద్యం చేరిస్తే ప్రయోజనం పెరగకపోగా, జలుబుకు వేసుకునే పారాసెటమాల్ వల్ల కాలేయానికి ముప్పు, మత్తు తెచ్చే జలుబు మాత్రలతో అతినిద్ర తోడవుతాయి. టీలోని కెఫీన్ మగతను కప్పిపుచ్చుతుంది గాని మత్తును తగ్గించదు. తాగినవారు తాము మామూలుగానే ఉన్నామనుకుని రెండో కప్పుకు చేయి చాచడం అందుకే. పైన చెప్పిన ఒక్కో కప్పులో దాదాపు 15 గ్రాముల శుద్ధ ఆల్కహాల్ ఉంటుంది. ఆరోగ్యానికి ఏ మోతాదూ సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది, దాన్ని కాదనడానికి ఈ పానీయం దగ్గర ప్రత్యేకమైన జవాబేమీ లేదు.

మద్యం ముట్టనివారికి ఇదే పానీయం వేరే రూపంలో అందుతుంది. విస్కీ తీసేస్తే టీ, తీపి, నిమ్మ చెక్కుచెదరకుండా నిలుస్తాయి, మసాలా నూనెలను పట్టి ఉంచే ద్రవం మాత్రం పోతుంది. అప్పుడు రెండు దారులు. నిమ్మను ఉంచుకోదలిస్తే అల్లం, మిరియాలను దంచి బెల్లం పాకంలో మూతపెట్టి సన్నని సెగ మీద పది నిమిషాలు ఉడికించి, ఆ పాకాన్ని టీలో కలపాలి. యాలకుల పొడి మాత్రం దించాక చల్లాలి. నిమ్మను వదులుకోగలిగితే చిక్కటి గేదె పాలలో దాల్చిన చెక్క, లవంగం కాచి టీలో పోయాలి, సీటీసీ పొడి అయితే అప్పుడు మరో రెండు నిమిషాలు నానినా నష్టం లేదు.